మజ్జిగ బండి

క్రిందటి నెల సమావేశంలో కాఫీ గిన్నె దగ్గర నిలబడి మా తమ్ముడి సైకిల్ యాత్ర గురించి నాలుగు ముక్కలు చెప్పాను. సంపాదకులుగారు విని, "అదే వ్రాసేయండి, ఈసారి మీ పేజీకి విషయం వెతుక్కోనక్కరలేదు" అన్నారు. శ్రమ తప్పిందని సంతోషించాను. తీరా ఇంటికొచ్చి కాగితం ముందు కూర్చున్నాక తెలిసింది, కాఫీ దగ్గర చెప్పిన భాగం వేరు, చెప్పకుండా దాటేసిన భాగం వేరు అని. రెండూ వ్రాస్తేనే లెక్క సరిపోతుంది.

ముందు సంగతి చెప్తాను. 2019లో మా తమ్ముడికి 61 ఏళ్ళు. ఉద్యోగం మానేసిన మర్నాటినుంచీ వాడికి ఒకటే ధ్యాస: సైకిల్ మీద అమెరికా ఆ ఒడ్డునుంచి ఈ ఒడ్డుకి రావాలని. అంతకు రెండేళ్ళ ముందు, 2017లో, గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. అందుకని మా మరదలు ససేమిరా అంది. డాక్టరు చూడవలసినవన్నీ చూసి, నాడి ఇంతకు మించి కొట్టుకోకూడదని ఒక అంకె చెప్పి, వెళ్ళవచ్చన్నాడు. మా మరదలు డాక్టరు మాటకి విలువ ఇచ్చింది కాని, తన షరతు తను పెట్టింది. "ఒంటరిగా వెళ్ళడానికి వీల్లేదు. బావగారు, అక్కయ్య, నేను బండిలో వెంట వస్తాం" అంది. బావగారిని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

దారి కొత్తది కాదు. 1976లో, ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చి 200 ఏళ్ళయిన సందర్భంలో, 'బైక్‌సెంటెన్నియల్' అని పేరు పెట్టి నలుగురు యువతీయువకులు ఆలోచన చేసి వేసిన దారి అది. ఓరెగన్‌లో ఆస్టోరియానుంచి వర్జీనియాలో యార్క్‌టౌన్ దాకా 4,200 మైళ్ళ పైచిలుకు. పెద్ద రోడ్లు తప్పించుకుంటూ, పల్లెటూళ్ళ మీదుగా పోతుంది. ఆ ఏడాది నాలుగు వేలమందికి పైగా ఆ దారి పట్టారు, అందులో సుమారు సగంమంది ఈ చివరనుంచి ఆ చివర దాకా తొక్కారు. ఆ దారికి 'ట్రాన్స్ అమెరికా' అని పేరు నిలిచిపోయింది.

మూడు నెలలకి ఆర్.వి. అద్దెకి తీసుకుంటే ఒకటి కొన్నంత అవుతుందని లెక్క తేలింది. అన్నదమ్ములం కలిసి 25 అడుగుల పాతది కొన్నాం. అందులో నలుగురు సంసారం చెయ్యడమంటే నలుగురూ ఒకేసారి నిలబడకూడదని అర్థం. ఒకరు దోసె వేస్తుంటే మిగిలిన ముగ్గురూ కూర్చోవాలి. పోపు వేసినప్పుడల్లా పొగ గంట మోగేది. వారం రోజుల తర్వాత మా ఆవిడ దానికొక పద్ధతి కనిపెట్టింది: ఆవాలు వెయ్యబోయే ముందు "తలుపూ!" అని కేక వేసేది, నేను లేచి తలుపు తీసి, తువ్వాలుతో గంట కింద విసిరేవాణ్ణి. గిన్నెలు కడిగిన నీళ్ళకొక తొట్టె, మరుగుదొడ్డికొక తొట్టె. మూడు నాలుగు రోజులకొకసారి వాటిని ఖాళీ చేయించే పని నాది. ఆ విషయం విస్తరించను. ఈ పత్రికని భోజనాల బల్ల దగ్గర చదివేవాళ్ళున్నారని నాకు తెలుసు.

జూన్ మొదటి వారంలో ఆస్టోరియాలో బయలుదేరాం. మొదటి మూడు రోజులూ చేసిన పొరపాటు చెప్పి తీరాలి. మా మరదలికి వాడు కళ్ళముందు ఉండాలి. అందుకని వాడు ముందు, వాడి వెనక గంటకి పది మైళ్ళ వేగంతో దీపాలు మిణుకుమిణుకుమనిపిస్తూ మేము. పెళ్ళికొడుకుని ఊరేగింపుగా తీసుకెళ్తున్నట్టు ఉండేది. మా వెనక దుంగలు వేసుకొచ్చే లారీలు బారులు తీరేవి. మూడోరోజున ఒక పోలీసతను మమ్మల్ని పక్కకి ఆపి, కోప్పడకుండానే ఒక మాట అన్నాడు. మీరు అతన్ని కాపాడుతున్నాం అనుకుంటున్నారు, కాని ప్రతి లారీవాడూ మిమ్మల్ని దాటడానికి పక్క వరసలోకి వెళ్ళి, మిమ్మల్ని దాటగానే సరిగ్గా అతను ఉన్న చోటికే తిరిగి వస్తున్నాడు, అన్నాడు.

అది విన్నాక మా మరదలు ఏమీ మాట్లాడలేదు. ఆ సాయంత్రం నలుగురం కూర్చుని కొత్త ఏర్పాటు చేసుకున్నాం. బండి వెనక ఉండదు. ఇరవై మైళ్ళు ముందుకి వెళ్ళి, అనువైన చోట ఆగి, వంట చూసుకుంటూ కాచుకొని ఉంటుంది. వాడు వచ్చి తిని, తాగి, కాసేపు నడుం వాల్చి వెళ్తాడు. మేము మళ్ళీ ముందుకి. వాడు వస్తానన్న వేళకి గంట దాటితే మాత్రం, ఏ పని ఉన్నా వదిలేసి బండి వెనక్కి తిప్పి వెతుక్కుంటూ వెళ్ళాలి. గంట అంటే గంట. ఈ నియమం పెట్టింది మా మరదలు. దీనికి అందరం ఒప్పుకున్నాం.

రోజుకి యాభై యాభై అయిదు మైళ్ళు తొక్కేవాడికి ఎంత తిండి కావాలో చూస్తేగాని నమ్మలేం. పొద్దున్న ఎనిమిది ఇడ్లీలు, పది గంటలకి పులిహోర, మధ్యాహ్నం పెరుగన్నం, మూడింటికి సున్నుండలు, రాత్రికి మా ముగ్గురి భోజనం ఒక పక్కా వాడిది ఒక పక్కా. మొదట్లో సీసాల్లో అమ్మే రంగు నీళ్ళు కొన్నాం. రెండు రోజులకి వాడికి వాటి తీపి వెగటు పుట్టింది. అప్పటినుంచి ఉప్పు, అల్లం, కాస్త నిమ్మరసం వేసిన మజ్జిగే. మిగతా సైకిల్ వాళ్ళు కూడా మా బండి కనిపిస్తే ఆగేవారు. డచ్చి దంపతులు ఇద్దరు, టెక్సాస్‌నుంచి వచ్చిన ఒక బడిపంతులు మా మజ్జిగకి అలవాటుపడిపోయారు. మా బండికి 'బటర్‌మిల్క్ బస్' అని పేరు పెట్టింది ఆ పంతులే. నేను దాన్ని మన భాషలోకి మార్చుకున్నాను.

ఇడాహోలో లోక్సా నది పక్కన అరవై మైళ్ళకు పైగా ఒక అంగడి లేదు, ఫోను పలకదు. అక్కడ కాచుకొని ఉండటం ఎట్లాగో నేర్చుకున్నాం. నది చప్పుడు వింటూ ముగ్గురం మడత కుర్చీల్లో కూర్చునేవాళ్ళం. మా ఆవిడ పుస్తకం చదివేది. మా మరదలు పుస్తకం తెరిచి పట్టుకొనేది కాని, ఆకు తిప్పగా నేను చూడలేదు. మిసూలాలో ఆ దారి వేసిన సంఘంవారి కార్యాలయం ఉండేది. సైకిల్ మీద వచ్చిన ప్రతివాడికీ అక్కడ ఐస్‌క్రీం ఇచ్చి, ఫోటో తీసి గోడకి పెట్టేవారు. మా తమ్ముడు మమ్మల్ని కూడా ఫోటోలోకి లాగబోయాడు. మా మరదలు ఒప్పుకోలేదు. "నేను తొక్కలేదుగా" అంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి జరిగింది. చిన్నదే అనుకున్నాం. మోంటానాలోనే ఒకరోజు వాడు గంట దాటినా రాలేదు. నియమం ప్రకారం అన్నం కుక్కర్ దింపి, బండి తిప్పి, తొమ్మిది మైళ్ళు వెనక్కి వెళ్ళాం. వాడు ఒక చిన్న హోటల్లో ఆ టెక్సాస్ పంతులుతో కూర్చుని రెండో ముక్క పై తింటున్నాడు. మమ్మల్ని చూసి మొహం ముడుచుకున్నాడు. "ఏమిటన్నయ్యా, నేనేం బడినుంచి తప్పిపోయిన పిల్లాణ్ణా?" అన్నాడు, పదిమందిలో. నాకు తల కొట్టేసినట్టయింది. మా మరదలు మాత్రం, "ఇక్కణ్ణుంచి ఆలస్యం అయ్యేట్టుంటే ముందే చెప్పండి" అని ఊరుకుంది. ఇంకోసారి ఇట్లా పరిగెత్తుకు రాకూడదని నేను మనసులో ఒట్టు పెట్టుకున్నాను.

నిజమైన పందేల్లో ఈ గొడవ ఉండదు. 1982లో నలుగురు సైకిల్ వీరులు కాలిఫోర్నియాలో సాంటా మోనికానుంచి న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ భవనం దాకా పందెం వేసుకున్నారు. లాన్ హాల్డెమన్ అనే ఆయన పది రోజులు నిండకుండా చేరి గెలిచాడు. అదే తర్వాత 'రేస్ అక్రాస్ అమెరికా' అయింది. సుమారు మూడు వేల మైళ్ళు, ఒంటరిగా తొక్కే మగవాళ్ళకి పన్నెండు రోజుల గడువు. రాత్రిళ్ళు బండి సరిగ్గా వెనకే ఉండి దారికి వెలుగు చూపించాలన్నది అక్కడ నియమం. నిద్ర లేక, ఆ తొక్కుడుకి కొందరికి మెడ కండరాలు పనిచెయ్యడం మానేసి తల నిలబడదు. మొదటి పందెంలో ఉన్న మైకేల్ షెర్మర్ పేరుతోనే ఆ జబ్బుని పిలుస్తారు. బండిలోవాళ్ళు ఏదో ఒక ఊతం కట్టి తల నిలబెడతారు. ఐదుసార్లు గెలిచిన స్లొవేనియా సైనికుడు యూరే రోబిచ్ అయితే, కొన్ని రోజులు గడిచాక తన నిర్ణయాలన్నీ బండిలోవాళ్ళకే వదిలేసేవాడట. అప్పటికి తన మనసు తన వశంలో ఉండదని ఆయనకి తెలుసు. మన దేశంనుంచి నాసిక్ అన్నదమ్ములు, వైద్యులు, మహాజన్ సోదరులు 2015లో జంటగా పూర్తి చేశారు. 2017లో సైనిక వైద్యుడు శ్రీనివాస్ గోకుల్‌నాథ్, నాగపూర్ డాక్టరు అమిత్ సమర్థ్ ఒంటరిగా పూర్తి చేశారు. వాళ్ళ వెనక బండిలో ఎవరెవరు ఎన్ని రాత్రులు మేలుకున్నారో పత్రికల్లో అంతగా రాదు.

మాది పందెం కాదు. కనుక ఎవరి నిర్ణయం ఎవరిదో మాకు రాసిపెట్టి లేదు. వ్యోమింగ్‌లో దాని ఫలితం అనుభవించాం.

జూలై మొదటి వారం. లాండర్‌నుంచి తెల్లవారుజామున బయలుదేరాడు. ఆ ఊరు దాటితే ఎడారిలాంటి మైదానం. చెట్టు లేదు, గోధుమరంగు గడ్డి, కంచె, గాలి. నలభై మైళ్ళ దూరంలో స్వీట్‌వాటర్ స్టేషన్ అని ఒక కూడలి, అక్కడ విశ్రాంతి స్థలం. 1840లనుంచి ఎద్దుబండ్ల మీద పడమటికి వెళ్ళిన కుటుంబాలు ఈ స్వీట్‌వాటర్ నది వెంబడే వెళ్ళాయి. బండిలో సామాను ఉంటే మనుషులు పక్కన నడిచేవారట. మొదటి ఇరవై మైళ్ళ దగ్గర వాడు మామూలుగానే వచ్చాడు. కడుపులో బాగులేదని మజ్జిగ సగమే తాగాడు. ముందు బీవర్ రిమ్ అనే గట్టు ఎక్కాలి, అయిదారు మైళ్ళ ఎత్తు. పైగా ఆరోజు గాలి ఎదురుగా వీస్తోంది. పదింటికల్లా స్వీట్‌వాటర్‌కి వస్తానన్నాడు.

పదయింది. పదిన్నరయింది. ఎండ ముదిరింది. పదకొండయింది. మా మరదలు లేచి నిలబడింది. "బావగారూ, గంటయింది" అంది.

నేను లేవలేదు. ఎదురుగాలి కదమ్మా, మెల్లిగా వస్తాడు, అన్నాను. బండి కింద చెక్కలు పెట్టి సరిచేసి ఉంది, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, ఇవన్నీ సర్దేలోపు వాడే వస్తాడన్నాను. ఇవన్నీ పైకి చెప్పిన కారణాలు. లోపలి కారణం పై ముక్క. మళ్ళీ పదిమందిలో మాట పడటం నాకు ఇష్టం లేదు. ఆవిడ ఒకటికి రెండుసార్లు అడిగింది. పెద్దవాణ్ణి, బండి నడిపేది నేను, కనుక మూడోసారి అడగలేక తలుపు దగ్గర రోడ్డుకేసి చూస్తూ నిలబడింది. ఫోను పలకడం లేదు. పదకొండు నలభైకి మా ఆవిడ పొయ్యి కట్టేసి, "చెక్కలు నేను తీస్తాను, మీరు తాళం పెట్టండి" అంది. అప్పుడు కదిలాను.

పన్నెండు మైళ్ళు వెనక్కి వెళ్ళాక కనిపించాడు. రోడ్డు కింద వాననీళ్ళు పోవడానికి వేసిన తూము నీడలో, తల కింద హెల్మెట్ పెట్టుకుని పడుకొని ఉన్నాడు. సైకిల్ కంచెకి ఆనించి ఉంది. మొహం సున్నం కొట్టినట్టుంది. పక్కన ఎవరిదో ఒక పెద్ద నీళ్ళ డబ్బా. తొమ్మిదిన్నరకి ఛాతీలో ఏదో పట్టినట్టయి ఆగిపోయాడట. ఒక పశువులాయన ట్రక్కు ఆపి, ఎక్కు, ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాడట. వీడు వద్దన్నాడు.

"ఎందుకు వద్దన్నారు?" అంది మా మరదలు.

"పదకొండు దాటగానే మీరు వచ్చేస్తారుగా" అన్నాడు. "నేను వెళ్ళిపోతే మీరు రోడ్డంతా వెతుక్కుంటారని."

నేను ఆ తూము దగ్గర నిలబడి వాచీ చూసుకున్నాను. పన్నెండు గంటల అయిదు నిమిషాలు. వాడు నన్ను ఏమీ అనలేదు. ఎన్నింటికి బయలుదేరారని కూడా అడగలేదు.

లాండర్ ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, గుండెకి దెబ్బ తగిలిందేమో తెలిసే రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేశారు. గుండె బాగానే ఉంది. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిపోయాయన్నారు. రెండు రోజులు విశ్రాంతి, ఆ తర్వాత కూడా ఎండలో తొక్కవద్దన్నారు. ఇంతకన్నా మంచి మాట ఏముంటుంది? అయినా ఆ రాత్రి ఆర్.వి.లో ఎవరమూ నిద్రపోలేదు. చీకట్లో నేనే అన్నాను, "ఇక చాలు, ఇంటికి పోదాం" అని. పశ్చాత్తాపం అట్లాంటి మాటలు అనిపిస్తుంది. మా తమ్ముడు జవాబు చెప్పలేదు. మా మరదలు చెప్పింది. "మీరు తప్పు చేసినందుకు ఆయన యాత్ర ఆపేయడం ఎందుకు బావగారూ?" అంది. గొంతు పెంచలేదు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆవిడ నాకు ఎదురు చెప్పిన మాట అదొక్కటే. మా ఆవిడ పక్కకి తిరిగి పడుకుంది. ఆవిడ నవ్విందో ఏడ్చిందో నాకిప్పటికీ తెలియదు.

మర్నాడు మా మరదలు బజారుకి వెళ్ళి, వంటింట్లో వాడే టైమరు ఒకటి, తిప్పి పెడితే టిక్కుటిక్కుమనేది, కొని తెచ్చింది. అప్పటినుంచి వాడు వస్తానన్న వేళకి ఆవిడ దాన్ని అరవై నిమిషాలకి తిప్పి బల్ల మీద పెట్టేది. అది మోగితే బండి కదలాలి. వాదన లేదు. తాళంచెవులు కూడా టైమరు పక్కనే ఉండాలి, నా జేబులో కాదు. మా తమ్ముడికి ఒకటే మాట చెప్పింది: "మీరు పై తింటూ ఉన్నా సరే, మేము వస్తాం. మొహం ముడుచుకోకండి." వాడు సరేనన్నాడు.

మిగతా యాత్ర తొందరగానే చెప్పేస్తాను. కొలరాడోలో హూజియర్ పాస్, 11,500 అడుగుల పైన, ఆ దారి మొత్తంలో ఎత్తయిన చోటు. మా బండి వాడికన్నా ఎక్కువ రొప్పింది. అక్కడ అన్నం ఎంతసేపటికీ ఉడకదు, కుక్కర్ లేకపోతే పస్తే. కాన్సస్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకి బయలుదేరి పదకొండుకల్లా ఆపేసేవాడు. ధాన్యం గాదెలు ఎన్నో మైళ్ళ ముందునుంచే కనిపిస్తాయి, గంటసేపు తొక్కినా దగ్గరపడవు. ఓజార్క్ కొండలు చిన్నవే గాని వాడు ఎక్కువ తిట్టుకున్నది వాటినే. కెంటకీలో కుక్కలు. రక్తం పలచబరిచే మాత్ర వేసుకునేవాడికి పడితే ప్రమాదం. అక్కడ టైమరు రెండుసార్లు మోగింది, రెండుసార్లూ వెళ్ళాం, రెండుసార్లూ వాడు సైకిల్ దిగి, దాన్ని కుక్కకీ తనకీ మధ్య పెట్టుకొని నడుస్తున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు.

వర్జీనియాలో ఆఫ్టన్ అనే ఊళ్ళో ఒక ఇల్లు చూశాం. 1976లో ఆ కొండమీది ఇంటిదగ్గర నీళ్ళ కోసం ఆగిన సైకిల్ వాళ్ళని చూసి, జూన్ కరీ అనే ఆవిడ బిస్కెట్లు చేసి పెట్టడం మొదలుపెట్టారు. 2012లో పోయేదాకా, దారిన పోయే వేలమందికి పెట్టారు, పక్క ఇంటిని వాళ్ళు పడుకోవడానికి వదిలేశారు. 'కుకీ లేడీ' అంటే ఆ దారిలో తెలియనివాళ్ళు లేరు. మా మరదలు ఆ ఇంటి ముందు చాలాసేపు నిలబడింది. ఇక్కడ మాత్రం ఫోటో తీయించుకుంది.

ఆగస్టు చివరి వారంలో యార్క్‌టౌన్ చేరాం. 1781లో కారన్‌వాలిస్ సైన్యం లొంగిపోయిన ఊరు. అదే కారన్‌వాలిస్ అయిదేళ్ళకి మనకి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. ఇక్కడ ఓడినవాణ్ణి అక్కడికి పంపారన్నమాట. మా తమ్ముడు సైకిల్ ముందుచక్రం నీళ్ళలో ముంచాడు. అక్కడ ఆరోజు మాకోసం చప్పట్లు కొట్టిన జనం ఎవరూ లేరు, ఇద్దరు పిల్లలు గాలం వేసుకుంటున్నారు. వాళ్ళకి కూడా మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది. ఒకడు తాగాడు, ఒకడు ఉమ్మేశాడు.

ఆర్.వి. ఆ అక్టోబరులో అమ్మేశాం. కొనడానికి వచ్చినాయన లోపలికెక్కి, అల్మారా తలుపు తీసి, ఇదేం వాసనని అడిగాడు. ఇంగువ అని చెప్పాం. అర్థంకాక రెండు వందల డాలర్లు తగ్గించమన్నాడు. తగ్గించాం.

మన సంఘంలో ఎవరికైనా ఇట్లాంటి ప్రయాణం ఆలోచన ఉంటే, నీళ్ళ గొట్టం, బండి కింద పెట్టే చెక్కలు, మడత కుర్చీలు నాలుగు, అయిదు గాలన్ల మజ్జిగ డబ్బా మా గరాజ్‌లో ఉన్నాయి. ఆదివారం ఎప్పుడొచ్చినా పట్టుకెళ్ళవచ్చు. టైమరు మాత్రం ఇవ్వలేను. అది మా మరదలి వంటింట్లో ఉంది. మా తమ్ముడు కూరగాయలకి సైకిల్ మీద వెళ్ళినప్పుడల్లా ఆవిడ దాన్ని తిప్పి పెడుతుంది.